ట్రోఫీ స్మాల్‌మౌత్ అంటే ఎంత?

అందరికీ నమస్తే. స్మాల్‌మౌత్ బాస్ (ఉత్తర అమెరికా మంచినీటి చేప) ఎంతుంటే ట్రోఫీ, అంటే గొప్పగా చెప్పుకునేంత పెద్ద చేప, అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతున్నారు. మామూలుగా 20 అంగుళాలు దాటితే ట్రోఫీ అంటారు. కానీ నీళ్లను బట్టి చూడాలండి. అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సులో గోబీలు (అడుగున తిరిగే చిన్న చేపలు) తిని బలిసినవి 6 పౌన్లు కూడా తూగుతాయి. చిన్న ఏట్లో 18 అంగుళాలది పడితే నా లెక్కలో అదే గొప్ప, అక్కడ అంత ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ప్రపంచ రికార్డు 11 పౌన్ల 15 ఔన్సులు, 1955లో అమెరికాలోని డేల్ హాలో సరస్సులో పట్టింది.

కొలిచేటప్పుడు బోర్డు తడిపి, చేప నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి చూడండి. పొడి బోర్డు మీద పెడితే ఒంటి జిగురు ఊడిపోతుంది. వసంతంలో గూడు కాసే మగచేప పడితే ఫొటో కోసం కూడా ఆపకండి, వెంటనే వదిలేయండి. అది పక్కకు తప్పుకుంటే చాలు, గోబీలు గుడ్లు తినేస్తాయి.