మత్స్యశాఖ మంత్రి గారికి: సముద్రంలోని పచ్చదనాన్ని పేరుపేరునా లెక్కపెట్టించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

తీరప్రాంతంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. జెట్టీలు, డీజిల్ సబ్సిడీ, రొయ్యల ధర గురించి మీకు రోజూ వినతులు వస్తూనే ఉంటాయి. నేను రాస్తున్నది సముద్రపు నీళ్ళలో తేలుతూ, మొక్కల్లా ఎండతో తిండి తయారుచేసుకునే, కంటికి కనిపించని వృక్ష ప్లవకాల గురించి. మన తీరంలో కొన్ని ఖాయమైన చోట్ల పదిహేను రోజులకోసారి నీళ్ళు తీసి, ఏ జాతి ప్లవకం ఎంత ఉందో మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టించండి. ప్రభుత్వాలు మారినా ఆ లెక్క ఆగకుండా చూడండి.

కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, పులస, అన్నిటి తిండీ ఈ ప్లవకాల దగ్గరే మొదలవుతుంది. హేచరీలవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. రొయ్య పిల్లలకు తొలి మేతగా కీటోసెరాస్, స్కెలెటోనెమా లాంటి డయాటమ్‌లను (గాజులాంటి గుల్ల ఉండే ప్లవకాలను) ట్యాంకుల్లో ప్రత్యేకంగా పెంచుతారు. ఏదో ఒక ఆల్గే వేస్తే చాలని ఏ టెక్నీషియనూ అనడు. ట్యాంకు విషయంలో ఇంత పట్టింపు ఉన్న మనం, సముద్రం దగ్గరికి వచ్చేసరికి పచ్చగా ఉందా లేదా అన్నదానితో సరిపెట్టుకుంటున్నాం.

సముద్ర సమాచారం అందించే, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ ఉపగ్రహాలు చూపించే సముద్ర ఉష్ణోగ్రతను, క్లోరోఫిల్‌ను (ప్లవకాల్లోని పచ్చరంగు పదార్థాన్ని) బట్టి చేపలు దొరికే చోట్లను చెబుతోంది. అది మత్స్యకారులకు చేస్తున్న మేలు చిన్నది కాదు. కానీ దూరం నుంచి చూస్తే చేను పచ్చగా కనిపిస్తుందే తప్ప, వరి ఎంతో కలుపు ఎంతో గట్టు దిగితేనే తెలుస్తుంది. పైగా మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీటి రంగు కనపడదు, ఒడ్డు దగ్గర బురద నీళ్ళు లెక్కను తికమక పెడతాయి. మనకు వివరాలు బాగా అవసరమైన వానాకాలంలోనే ఈ రెండూ ఎక్కువ.

జాతి పేరు తెలిస్తే ఏం ఒరుగుతుందని మీ అధికారులు అడగవచ్చు. ఫ్రాజిలేరియా ఓషియానికా అనే ఒక్క డయాటమ్‌ను చూసి నూనె కవళ్ళు సమృద్ధిగా ఉన్నాయో లేదో అంచనా వేయవచ్చని మన దేశ శాస్త్రవేత్తలు 1955లోనే పత్రం ప్రచురించారు. అది పశ్చిమ తీరం మాట. మన తూర్పు తీరంలో ఏ ప్లవకం ఏ చేపకు గుర్తో చెప్పాలంటే ఏళ్ళ తరబడి తీసిన లెక్కలు చేతిలో ఉండాలి.

బంగాళాఖాతం తీరే వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్ళు తేలికగా ఉండి పైపొరగా నిలిచిపోతాయి. పోషకాలున్న బరువైన ఉప్పునీళ్ళు కిందే ఉండిపోతాయి. అరేబియా సముద్రం మీద వీచేంత బలమైన గాలి ఇక్కడ వీయదు కాబట్టి రెండూ కలవడం కష్టం. ఎండాకాలంలో తీరం వెంబడి వీచే నైరుతి గాలి పైనీటిని లోపలికి నెట్టినప్పుడు విశాఖ దగ్గర అడుగునీళ్ళు పైకొస్తాయి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి పరిశోధకులు దీన్ని గమనించి రాశారు. అలా పోషకాలు అందితే డయాటమ్‌లు విజృంభిస్తాయి. వాల్తేరు దగ్గర ఆస్టరియోనెల్లా జపోనికా అనే డయాటమ్ పెరిగి సముద్రం రంగే మారిన వైనం 1969లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. గాలి తగ్గి నీరు వేడెక్కి కదలకుండా ఉంటే ట్రైకోడెస్మియమ్ అనే మరో రకం ప్లవకం వంతు వస్తుంది. గాలిలోంచి వచ్చే నత్రజనినే వాడుకోగలదు కాబట్టి పోషకాలు లేని నీళ్ళలోనూ అది రంపపు పొట్టు తేలినట్టు చారలుగా పరుచుకుంటుంది.

అక్టోబర్, నవంబర్ నెలల్లో ప్రవాహం దిశ మారి, ఉత్తరాది నదుల నీళ్ళు మన తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. అప్పుడు పైపొర ఇంకా గట్టిపడుతుంది. దాన్ని తుపాను కలియబెడితే ప్లవకాలకు మళ్ళీ తిండి దొరుకుతుంది. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత ఎక్కడో దక్షిణాన చెన్నై తీరంలోనూ వాటి ఉత్పత్తి పెరిగినట్టు నమోదైంది.

ఇదంతా ప్రకృతి చేసే పని. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది గోదావరి సముద్రంలో కలిసే మొగ. వరద ఉధృతంగా ఉన్నప్పుడు బురద వల్ల వెలుతురు లోపలికి దిగదు, ఉన్న ప్లవకాలూ సముద్రంలోకి కొట్టుకుపోతాయి. వరద తీసి నీరు తేరుకున్నాక అవి గుప్పున పెరుగుతాయి. అంటే ధవళేశ్వరం గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎప్పుడు దించారన్నది మొగ దగ్గరి ప్లవకాల బతుకును నిర్ణయిస్తోంది. ఇంకొకటి ఉంది. డయాటమ్‌లు తమ గుల్లను సిలికాతో కట్టుకుంటాయి, నత్రజనితో దాదాపు సమానంగా అది వాటికి కావాలి. నదులు రాళ్ళను అరగదీసి తెచ్చే ఆ సిలికాలో కొంత జలాశయాల్లోనే ఆగిపోతుంది. ఎరువుల నుంచి, మురుగు నుంచి, చెరువుల నుంచి వచ్చే నత్రజని మాత్రం ఆనకట్టల దిగువన కూడా కలుస్తూనే ఉంటుంది. ఈ నిష్పత్తి చెడితే డయాటమ్‌లు తగ్గి, సిలికా అక్కర్లేని డైనోఫ్లాజెల్లేట్లు అనే వేరే రకం ప్లవకాలకు చోటు దొరుకుతుంది. వాటిలో కొన్ని విషం తయారుచేస్తాయి, అది ఆల్చిప్పల్లాంటి, మనుషులు తినే గుల్లల్లో పేరుకుంటుంది. మన మొగల్లో ఈ మార్పు మొదలైందా, లేదా? క్రమం తప్పని లెక్క లేకుండా ఎవరు చెప్పినా అది ఊహే అవుతుంది.

పరిశోధన జరగడం లేదని నేననడం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రంలో మంచి పని జరిగింది, జరుగుతోంది. కాకపోతే ప్రాజెక్టుకు రెండు మూడేళ్ళు గడువు, పీహెచ్‌డీకి నాలుగైదేళ్ళు. ఒక చెడ్డ ఏడాదికీ, నిజంగా వచ్చిన మార్పుకూ తేడా తేల్చడానికి అది చాలదు. ఐరోపాలో ఉత్తర సముద్రం మీద ఓడల వెనక పరికరం కట్టి 1931 నుంచి ప్లవకాలను సేకరిస్తున్నారు. సముద్రం వేడెక్కేకొద్దీ ఏ జాతులు ఉత్తరానికి జరిగిపోయాయో వాళ్ళు ధైర్యంగా చెప్పగలిగింది అందుకే.

భీమిలి, కాకినాడ, అంతర్వేది, మచిలీపట్నం, కృష్ణపట్నం దగ్గర ఒడ్డుకు చేరువగా ఒకటి, లోపల ఒకటి చొప్పున చోట్లు ఖాయం చేయండి. ప్రతిసారీ ఉష్ణోగ్రత, ఉప్పదనం, నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ కొలిచి, జాతుల లెక్క తీయాలి. శాంపిళ్ళు తేవడానికి మత్స్యకారుల బోట్లనే అద్దెకు తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజులు అడుగునీళ్ళు పైకొచ్చే కాలంలోనే పడతాయి కాబట్టి, అప్పుడు ఈ పనికి ప్రత్యేక అనుమతి ఇస్తే వాళ్ళకు కాస్త ఆదాయమూ ఉంటుంది. గేట్ల నుంచి వదిలిన నీటి లెక్కను జలవనరుల శాఖ ఎప్పటికప్పుడు ఈ బృందానికి పంపాలి. ప్లవకాలను చూసి పేరు చెప్పగలిగేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇది కాంట్రాక్టు మీద ఆరు నెలలకోసారి మనుషుల్ని మార్చి చేయించే పని కాదు, శాశ్వత పోస్టులు కావాలి. ఫలితాలు తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టండి. విషం చేసే జాతులు పెరిగినప్పుడు హేచరీలకూ, గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళకూ ఆ రోజే ఫోన్ వెళ్ళాలి.

అన్ని చోట్లా ఒకేసారి కుదరకపోతే కాకినాడ, అంతర్వేదిలతో మొదలుపెట్టండి. వచ్చే జూన్ లోపు మొదలైతే వరదకు ముందు, వరదలో, వరద తీశాక నీళ్ళు ఎలా ఉన్నాయో తొలి ఏడాదే తెలిసిపోతుంది. మా కాలేజీ ల్యాబ్‌నూ, మైక్రోస్కోపులనూ ఈ పనికి వాడుకునేలా యాజమాన్యాన్ని ఒప్పించే బాధ్యత నాది.

ఇట్లు,
తీరప్రాంత జువాలజీ అధ్యాపకురాలు