అలవాటైతే పోయే తలనొప్పి కాదిది

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 24 స్టీరియో కార్డులు, వ్యూయర్ ఆర్డర్‌లో ప్రింటింగ్ తప్పులు

అయ్యా,

సంక్రాంతికి తీసిన ఫొటోలు పంపి మీ దగ్గర స్టీరియో కార్డులు వేయించుకున్నాను. ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి బొమ్మ పక్కపక్కన ఉండి, వ్యూయర్ అద్దాల్లోంచి చూస్తే దృశ్యం లోతుగా కనిపించే జంట కార్డులన్నమాట. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కౌశిక ఏరు దాటుతున్న కార్డు ముందుగా మా నానమ్మకి చూపించాను. రెండు నిమిషాలకే “కళ్లు లాగేస్తన్నాయిరా” అని వ్యూయర్ పక్కన పెట్టేసింది. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను కదా అనుకున్నాను. తర్వాత మా బావకీ అదే, నాకూ అదే. ఫోన్ చేస్తే మీవాళ్లు “కొత్తలో అందరికీ అంతే సార్, అలవాటవుతుంది” అన్నారు. ఆరేళ్లుగా ఇదే పిచ్చిలో ఉన్నవాణ్ణి, స్కేలు తీసి కొలిచాను.

పెద్దవాళ్ల కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అందుకే దూరాన ఉన్న ఒకే కొబ్బరిచెట్టు ఎడమ బొమ్మలో ఉన్న చోటికీ, కుడి బొమ్మలో ఉన్న చోటికీ మధ్య 62 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా ఫైలు చేశాను. మీ కార్డు మీద అది 70 ఉంది. ఎంత దూరం చూసినా మన చూపులు సమాంతరంగా ఉంటాయి తప్ప బయటికి విచ్చుకోవు. పాతకాలపు హోమ్స్ రకం చేతి వ్యూయర్ల కార్డుల్లో ఎడం ఎక్కువే ఉండేది, నిజమే. కానీ వాటి అద్దాలు పట్టకంలా (ప్రిజంలా) చూపును వంచేవి. మీరిచ్చినవి మామూలు భూతద్దాలు! ఆ కొలత తెచ్చి వీటికి పెడితే ఎలా?

పైగా చాలా కార్డుల్లో ఎడమ బొమ్మ 2 మిల్లీమీటర్లు పైకి ఉంది. ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ చూడమంటే ఎవరి వల్లా కాదు. మూడింటిలో కుడి ఎడమలు తారుమారయ్యాయి. అంతర్వేది కార్డులో సముద్రం ముందుకొచ్చి, ఒడ్డున ఉన్న పడవ వెనక్కి పోయింది.

కోటిపల్లి రేవు కార్డు సంగతి మాత్రం మిమ్మల్ని అనను. ఒకే ఫోన్‌ని పక్కకి జరిపి రెండుసార్లు తీసేలోపు పంటు (రేవు దాటించే పడవ) కదిలిపోయింది. అది నా తొందర.

మిగతా 23 కార్డులూ నా ఫైల్లో ఉన్న కొలతలతోనే, ఎడం మార్చకుండా, ఉచితంగా మళ్లీ వేసి పంపండి. లేదంటే డబ్బు వాపసు ఇవ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. కార్డులు స్పీడ్ పోస్టులో తిప్పి పంపుతున్నాను. వెనకవైపు పెన్సిల్‌తో కొలతలు రాశాను, ప్రింటింగ్ చూసేవాళ్లకి చూపించకుండా పారేయకండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
అమలాపురం