మాగ్నెటోమీటర్‌ను ఎప్పుడు నీళ్లలోకి దింపుతారు? - కేంద్ర మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాస్త్ర శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో సముద్ర భూభౌతిక శాస్త్రంలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. నికోబార్ దగ్గర సముద్రంలో మాగ్నెటోమీటర్‌తో, అంటే అయస్కాంత శక్తిని కొలిచే పరికరంతో, సర్వే చేయించమని వినతిపత్రాలు ఇచ్చాం, మెయిళ్లు పెట్టాం, మా గైడ్ గారు స్వయంగా వెళ్లి అడిగారు. ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప మరో జవాబు రాలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

లోతైన సముద్రాల పరిశోధనకు పెట్టిన డీప్ ఓషన్ మిషన్ గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2021లో 4,077 కోట్లతో మంజూరైనప్పుడు మేమంతా ఎంత సంబరపడ్డామో మాత్రం చెప్పాలి. నా బాధ ఒక్క సర్వే గురించే. నికోబార్ దీవులకు తూర్పున, సముద్రంలో మునిగి ఉన్న అగ్నిపర్వతాల మీదుగా దగ్గర దగ్గర లైన్లలో అయస్కాంత సర్వే చేయిస్తామన్నారు. ఒక సీజన్‌లో ఓడ మరమ్మతుకు వెళ్లింది. ఆ తర్వాతి సీజన్‌లో మా రోజులు ఇంకో పనికి ఇచ్చేశారు. ఆఖరికి ఓడ అటు వెళ్లింది, శబ్దతరంగాలతో సముద్రపు అడుగు ఎత్తుపల్లాలను కొలిచే మల్టీబీమ్ నడిచింది, మాగ్నెటోమీటర్ మాత్రం డెక్ మీదే ఉండిపోయింది. దాన్ని ఓడ వెనక వందల మీటర్ల కేబుల్‌తో లాగాలి, ఓడ వేగం తగ్గించాలి, మలుపులు నిదానంగా తిప్పాలి. అంత టైమ్ లేదన్నారు. టైమ్ మిగిలితే చూద్దామన్నారు. సముద్రంలో టైమ్ మిగలడం ఎక్కడైనా ఉందా అండీ?

మల్టీబీమ్ పటం ఉంది కదా, ఇంకేం కావాలని అడుగుతున్నారు. అది చూపించేది సముద్రపు అడుగు పైభాగాన్నే. ఐరావతి నది తెచ్చిపోసిన మట్టి కింద ఏముందో దానికి తెలియదు. అండమాన్ సముద్రం నడిబొడ్డున సుమారు 40 లక్షల ఏళ్లుగా నేల విచ్చుకుంటోందని, ఆ వేగం ఏడాదికి 1.6 సెంటీమీటర్ల నుంచి 3.8కి పెరిగిందని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2004లో రాశారు. రాళ్లలో మిగిలిన అయస్కాంత గుర్తులు చదివే ఆ లెక్క తేల్చారు. ఆ పనిని ముందుకు తీసుకెళ్లడానికే మేం అడుగుతున్నాం.

ఈ పటం భూకంపాన్ని ముందే చెప్పదు. అలా చెబుతుందని నేను ఎవరినీ నమ్మించను. కానీ 2018 డిసెంబరులో ఇండోనేషియాలో అనక్ క్రకటోవా పక్కభాగం కూలి సునామీ వచ్చి 400 మందికి పైగా చనిపోయారు. ముందు పెద్ద భూకంపమేదీ రాలేదు కాబట్టి హెచ్చరికా రాలేదు. ఆ అగ్నిపర్వతాల వరుసే సుమత్రా దాటి, అండమాన్‌లో అగ్నిపర్వతం ఉన్న మన బారెన్ దీవి దాకా వచ్చింది. వేడినీళ్లకు నాని మెత్తబడ్డ రాయి తన అయస్కాంతత్వాన్ని పోగొట్టుకుంటుంది. ఏ కొండ పక్కభాగం లోపల అలా బలహీనపడిందో అయస్కాంత పటంలో జాడ దొరుకుతుంది. 2004 సునామీలో మన ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు సార్. ఇది మా థీసిస్ గొడవ ఒక్కటే కాదు.

ఇంకో ఇబ్బంది. నికోబార్ అయస్కాంత భూమధ్యరేఖకు ఆనుకుని ఉంది. అక్కడ మధ్యాహ్నం పూట పైన అయనావరణంలో, అంటే విద్యుత్ కణాలుండే ఎత్తైన గాలి పొరలో, పారే కరెంటు వల్ల రీడింగ్ వంద నానోటెస్లాల (అయస్కాంత శక్తి కొలత) దాకా మారిపోగలదు. మేం వెతికే గుర్తులూ చాలాచోట్ల అంతే ఉంటాయి. ఓడ తిరిగినన్నాళ్లూ ఆ మార్పులను ఒకేచోట నుంచి కొలిచే బేస్ స్టేషన్ ఒకటి దీవి మీద నడవకపోతే, తెచ్చిన డేటాలో ఏది రాయిదో ఏది ఆకాశానిదో తేల్చుకోవడం కష్టం. ఆ అనుమతి ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఎవరూ చెప్పరు. ఫోన్ చేస్తే ఇంకో నంబరు ఇస్తారు. ఆ టెన్షన్‌తో మా ల్యాబ్‌లో పిల్లలు టాపిక్‌లు మార్చుకుంటున్నారు.

దయచేసి మాగ్నెటోమీటర్‌కంటూ విడిగా షిప్ టైమ్ ఇప్పించండి. ‘మిగిలితే’ అన్న మాట షెడ్యూల్‌లో లేకుండా చూడండి. బేస్ స్టేషన్ ఫైలు కదిలించండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, అది దాటితే మళ్లీ ఏడాది పోయినట్టే. నా ఫెలోషిప్ గడువు దగ్గరపడింది. నాకు అందకపోయినా నా తర్వాత వచ్చేవాళ్లకైనా ఆ డేటా అందాలి. కాదంటారా, కాదని రాతపూర్వకంగానైనా చెప్పించండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
విశాఖపట్నం