ప్లస్ బదులు మైనస్

టురిన్

ఒరేయ్ రమణా,

ఉత్తరం రాయలేదని తిట్టిపోస్తున్నావట. తిట్టు, పడతాను. మూడు వారాలుగా ఒకే గ్రాఫ్ ముందు కూర్చున్నాను మరి. "అసలు అక్కడ కొలిచేదేంట్రా?" అని పోయినసారి అడిగావు కదా, విను.

ప్రోటాన్ స్పిన్‌ని (కణానికి ఉండే ఒక రకం సుడి అనుకో) దాన్ని కొట్టే కిరణం వచ్చే దారికి అడ్డంగా నిలబెడతారు. ప్రోటాన్ లోపల ఉండే క్వార్కులనే చిన్న కణాల స్పిన్ దానితోపాటు ఎంతవరకు అటే తిరిగి ఉందో చూడాలి. ట్రాన్స్‌వర్సిటీ అంటారు దీన్ని. 1979లోనే రాల్‌స్టన్, సోపర్ దీని గురించి రాశారు కానీ, చేతికి చిక్కడానికి పాతికేళ్లు పట్టింది. ఎలక్ట్రాన్‌తో కొట్టి, చెదిరి వచ్చిన ఎలక్ట్రాన్‌ని మాత్రమే చూస్తే ఇది బయటపడదు. క్వార్కు కైరాలిటీ, అంటే దాని కుడి ఎడమల వాటం, తిరగబడాలి, ఆ దెబ్బకి అది తిరగబడదు. (మీ చీరాలకీ దీనికీ ఏ సంబంధం లేదు, మొదలుపెట్టకు.)

1993లో జాన్ కాలిన్స్ ఒక దారి చూపించాడు. దెబ్బ తిన్న క్వార్కు ఒంటరిగా బయటికి రాలేదు, పయాన్ల లాంటి కణాల గుంపుగా మారిపోతుంది. దాని స్పిన్ అడ్డంగా ఉంటే పయాన్లు ఒక పక్కకి కాస్త ఎక్కువగా ఒరుగుతాయి. స్పిన్నర్ చేతిలో బంతి ఎటు తిరిగిందో కనిపించకపోయినా, పిచ్ మీద పడ్డాక మళ్లిన వైపు చూసి చెప్పేస్తాం చూడు, అలాగన్నమాట.

హాంబర్గ్‌లో హెర్మెస్ అనే ప్రయోగం వాళ్లు 27.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న పాజిట్రాన్లతో (ఎలక్ట్రాన్ లాంటివే, ఛార్జి మాత్రం పాజిటివ్) హైడ్రోజన్ వాయువుని కొట్టి, 2005లో ఈ ఒరుగుడుని ప్రచురించారు. అసలు మజా ఇక్కడే. ప్రోటాన్‌లో అప్, డౌన్ అని రెండు రకాల క్వార్కులుంటే, అప్ క్వార్కులదే పెద్ద వాటా కాబట్టి పాజిటివ్ పయాన్ల సంగతి ఊహించిందే. నెగటివ్ పయాన్లు మాత్రం ఎదురు పక్కకి ఒరిగాయి, అదీ తక్కువేం కాదు. అంటే అప్ క్వార్కు నుంచే పుట్టినా నెగటివ్ పయాన్ రెండో వైపుకే పోతుందన్నమాట. సెర్న్‌లో కంపాస్ వాళ్లకేమో డ్యూటెరాన్ (ప్రోటాన్, న్యూట్రాన్ జంట) మీద దాదాపు సున్నా వచ్చింది. అప్, డౌన్ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. జపాన్‌లో బెల్ వాళ్లు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు ఇదే ఒరుగుడుని విడిగా కొలిచారు. ఈ మూడూ కలిపి ఇక్కడి ఆన్సెల్మినో బృందం 2007లో లెక్క తేల్చింది: అప్ క్వార్కులు ప్రోటాన్ స్పిన్ వైపు, డౌన్ ఎదురుగా.

ఇక నా ఘనకార్యం. పయాన్ కోణం, ప్రోటాన్ స్పిన్ కోణం, రెండూ కలిపితే కాలిన్స్ ప్రభావం, అదే పైన చెప్పిన ఒరుగుడు, వస్తుంది. ఒకటి నుంచి ఒకటి తీసేస్తే సివర్స్ అని పూర్తిగా వేరే కథ, లోపలి క్వార్కుల అడ్డ కదలికది. నేను ప్లస్ బదులు మైనస్ కొట్టాను! ఉత్తుత్తి డేటానేలే, ప్రాక్టీసుకి ఇచ్చింది. అయినా చక్కటి సైన్ అల వచ్చేసరికి మురిసిపోయి, ప్రింట్ తీసి గోడకి కూడా అంటించాను. మా గైడ్ గారు కాఫీ కప్పుతో వచ్చి, ఒక్క క్షణం చూసి, "సివర్స్ బాగా వచ్చిందే" అని వెళ్లిపోయారు.

ప్లస్ పెట్టి మళ్లీ నడిపాను. అల ఇంకా ఉంది కానీ సగం ఎర్రర్ బార్లలో (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీతలు) మునిగిపోయింది. గోడ మీద పాతదాన్ని మాత్రం పీకలేదు.

అమ్మకి నమస్కారాలు చెప్పు. గోంగూర పచ్చడి ఎప్పుడు పంపుతున్నావ్?

నీ
శీను