నాన్నను ఆ మాట అడిగిన సిస్టర్‌కు

నిన్నటితో నాన్న పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలంతా వెళ్లిపోయారు. నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఈరోజు రాయకపోతే ఇక రాయలేను.

అమ్మ, అక్కాబావలు, నా భార్య, చిన్నాన్న వాళ్లు పడ్డ కష్టానికి వేరే చెప్పేదేముంది, ఇంటివాళ్లం.

నేను చేతులెత్తి మొక్కాల్సింది ఒక సిస్టర్‌కు. ఆమె నర్సు. నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ల ఇంటికే వచ్చి బాధ తగ్గించే ప్రభుత్వ వైద్య సేవ 'ఆలన' బండిలో ఖమ్మం నుంచి మా ఊరికి వచ్చేవారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. అప్పటికే ఎముకలకు పాకింది. ఆయన ఎప్పుడైనా "నేను పోయాక..." అని మొదలుపెడితే, "అపశకునం మాటలెందుకు, నీకేం కాదు" అని నోరు మూయించేవాళ్లం. ధైర్యం చెబుతున్నాం అనుకున్నాం.

సిస్టర్ మొదటిరోజు వచ్చి మంచం పక్కన నేలమీదే కూర్చున్నారు. ఎండి పగిలిన నాన్న పెదాలకు తడి దూది అద్దుతూ, "సార్, మీకు దేనికి భయమేస్తుంది?" అని అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది. నాన్న చాలాసేపు పైకప్పుకేసి చూసి, "చావుకు కాదమ్మా. ఊపిరాడక కొట్టుకుంటానేమోనని" అన్నారు. అన్ని నెలల్లో మేమెవ్వరం ఆ మాట అడగలేదు.

ఆమె అబద్ధం చెప్పలేదు. "రోజులు తక్కువే ఉన్నయి సార్. ఆయాసం తగ్గించే మందు మాత్రం ఉంది" అన్నారు. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి ఎలా వేయాలో, మలబద్ధకం రాకుండా దాంతోపాటు ఏం ఇవ్వాలో అక్కకు నేర్పించారు. అది వేస్తే ప్రాణం తొందరగా పోతుందని మేం భయపడుతుంటే, లెక్క ప్రకారం వేస్తే అలా జరగదని విడమరిచి చెప్పారు.

ఆ రోజు నుంచి నాన్న నోరు విప్పారు. ఐసీయూ వద్దన్నారు, గొట్టాలు వద్దన్నారు. మంచం వేపచెట్టు కిందికి మార్చమన్నారు. ఒక సాయంత్రం మమ్మల్నందరినీ పిలిచి, "మీ అమ్మ గాజులు తియ్యనియ్యకండి, బొట్టు చెరపనియ్యకండి" అన్నారు. నిన్న ఊళ్లో పెద్దావిడలు లేవబోతే "ఇది నాన్న మాట" అని అక్క అడ్డం నిలబడింది. ఇప్పుడు వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతోంది. గాజుల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

నాన్న పోయిన మూడోరోజు సిస్టర్ మళ్లీ వచ్చారు. మిగిలిన మాత్రలు తీసుకెళ్లడానికే అనుకున్నాను. అమ్మ పక్కన కూర్చుని "తిన్నారా అమ్మా?" అన్నారు. అంతవరకు ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

ఒక్క బాధ చెప్పకుండా ఉండలేను. అంతకుముందు నెలల తరబడి తిరిగిన పెద్ద ఆసుపత్రిలో బిల్లు గురించి రోజూ మాట్లాడారు, నాన్నకు మిగిలిన రోజుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "ఇంకో కీమో చూద్దాం", అంతే. మార్ఫిన్ రోగులకు సులువుగా దొరకాలని 2014లోనే మత్తుమందుల చట్టాన్ని సడలించారు, అయినా నేను తిరిగిన ఏ మందుల షాపులోనూ దొరకలేదు. కోలుకోలేని స్థితి వస్తే వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఇంకా సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలు. ఇది మాకు ఆసుపత్రిలో ఎవరైనా చెప్పొద్దా? మీ ఇంట్లో పెద్దవాళ్లు "నేను పోయాక" అంటే దయచేసి ఆపకండి. దగ్గర కూర్చుని వినండి.

అయ్యో, మా ఊరి ఆశా కార్యకర్త అక్కను మరిచాను. ఆలన బండి సంగతి మొదట చెప్పింది ఆమే, పైనే రాయాల్సింది. అర్ధరాత్రి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి కిరాయి తీసుకోని ఆటో తమ్ముడికి కూడా. ఎదురింటి మామయ్య ఎయిర్ బెడ్ ఇచ్చారు, తిరిగి ఇవ్వబోతే అవసరమైనవాళ్లకు ఇచ్చెయ్యమన్నారు. కడిగి ఎండబెట్టి ఉంచాం. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా కావాలంటే అడగండి, నేనే తెచ్చిస్తాను.