మిర్చి పనికి వెళ్లేవాళ్లకు గుడ్డ మాస్కులు

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరు నల్లచెరువులో ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంటాను. జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకు ఫాల్స్, అదే నా పని. మిర్చి సీజన్ వస్తే మా వీధిలో ఆడవాళ్లు చాలామంది తొడిమలు తీయడానికి, తాలుకాయలు ఏరడానికి పోతారు. మొన్న సాయంత్రం పక్కింటి వదిన పని నుంచి వచ్చి ముఖానికి చుట్టుకున్న తువ్వాలు విప్పి దులిపింది. గుమ్మంలో ఉన్న నాకే తుమ్ములు ఆగలేదు, కళ్లలో నీళ్లు. ఆమె పొద్దుటి నుంచీ ఆ తువ్వాల్లోంచే ఊపిరి పీలుస్తోంది. ఉన్నది ఒక్క పొర, అదీ చెమటకు తడిసి మాటిమాటికీ జారిపోతుంటే కారం చేతులతోనే పైకి లాక్కుంటూ పని చేసుకోవాలి.

2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో మనిషికి మూడు గుడ్డ మాస్కులు ఇవ్వాలన్నప్పుడు కుట్టింది డ్వాక్రా ఆడవాళ్లే. ఆ కుట్టు వచ్చినవాళ్లు ఇప్పటికీ ప్రతి పేటలో ఉన్నారు. కరోనా తగ్గగానే మాస్కు సంగతే వదిలేశాం, కారం ఘాటు మాత్రం ఏటా వస్తూనే ఉంది.

అప్పట్లో నేనూ తప్పు చేశాను. గౌన్లలో మిగిలిన పాలిస్టర్ ముక్కలతో కుట్టి ఇచ్చాను, చూడటానికి బాగానే ఉన్నాయి కానీ పెట్టుకున్నవాళ్లు పది నిమిషాల్లో ఊపిరాడట్లేదని గడ్డం కిందికి లాగేశారు. ఇప్పుడు నూలు గుడ్డే వాడుతున్నాను. పాత చీరైనా పంచైనా సరే, కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తాను, నేత పలచబడి అవతల మనిషి కనిపిస్తుంటే అది పక్కన పెట్టేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో గుడ్డ మాస్కుకు మూడు పొరలు ఉండాలని చెప్పింది, బయటి పొరకు చెమ్మ పీల్చని గుడ్డ మేలంది. అది కరోనాకు చెప్పిన మాట. మన ఎండల్లో రోజంతా పెట్టుకోవాలి కాబట్టి నేను మూడూ నూలే వేస్తున్నాను.

కొత్త గుడ్డైతే ముందు ఉతికి ఆరేశాకే కత్తిరించాలి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. కుచ్చిళ్ల మడతలు బయటివైపు కిందికి చూడాలి, పైకి చూస్తే దుమ్మంతా వాటిలోనే చేరుతుంది. ముక్కు దగ్గర వంగే సన్నటి తీగ పెట్టి కుట్టేయాలి, అది లేకపోతే పక్కల సందుల్లోంచి ఘాటు నేరుగా లోపలికి పోతుంది. ఎలాస్టిక్ చెవుల వెనక కోస్తుంది, నాలుగు ఉతుకులకు సాగిపోతుంది కూడా, అందుకే నాడాలు పెట్టి తల వెనక కట్టుకునేలా కుడుతున్నాను. లోపలివైపు వేరే రంగు గుడ్డ వేస్తాను, మధ్యాహ్నం అన్నం తిన్నాక తిరగేసి కట్టుకుంటే కారం నోటికే తగులుతుంది మరి.

మనిషికి కనీసం రెండు ఉండాలి, తడిసింది మార్చుకోవడానికి. ఉతికేటప్పుడు దయచేసి విడిగా ఉతకండి. ఒకసారి మా వదిన మాస్కు పిల్లల బట్టలతో కలిపి నానబెడితే పాపం ఆ చిన్నపిల్ల రాత్రంతా ఒళ్లు మంటతో ఏడ్చింది.

గుడ్డ మాస్కుతో అంతా ఆగుతుందని నేను చెప్పను. కారం పట్టే మిల్లుల్లో అంత సన్నటి పొడికి ఇది చాలదు, అక్కడ ఎన్-95 లాంటివి పని ఇచ్చేవాళ్లే కొనివ్వాలి. ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా ఈ పనికి పోకపోవడం మంచిది.

మీ పేపరును ఒకటే అడుగుతున్నాను. సీజన్ మొదలయ్యేలోపు జిల్లా పేజీలో మాస్కు కొలతను అసలు సైజులో గీసి ఒక్కసారి వేయండి. మేం జాకెట్లకు కటింగ్ తీసుకునేది ఎలాగూ పాత పేపర్ల మీదే, ఆ పేజీనే గుడ్డ మీద పరిచి కత్తిరించుకుంటాం.

ఇట్లు,
ఒక కుట్టుపని మహిళ,
నల్లచెరువు, గుంటూరు