లీడర్ల చేతికి చీపురు ఎందుకిచ్చామంటే

ప్రియమైన తల్లిదండ్రులకు,

ప్రభువు నామంలో వందనాలు.

బ్యాడ్జీలు పెట్టుకున్న రోజే మన కొత్త స్కూల్ లీడర్లు ఒకటో తరగతి గదులు ఊడ్చి, బల్లలు తుడిచిన ఫొటో మీ వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరిగిందని తెలిసింది. "చదువుకోమని పంపితే చీపురు పట్టిస్తారా?" అని కొందరు ఫోన్ చేశారు. ఒకరైతే తమ అబ్బాయి బదులు పనిమనిషిని పంపుతామన్నారు. వారి పెద్ద మనసుకు ధన్యవాదాలు. ఆ పని చేయించింది నేనే. ఇకపై వారం వారం చేయిస్తాను. డ్యూటీ పట్టికలో మొదటి పేరు నాదే.

యోహాను సువార్త 13వ అధ్యాయం ఒకసారి తీయండి. సిలువకు ముందు రాత్రి యేసు భోజనం మధ్యలో లేచి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగారు. ఆ రోజుల్లో అది దాసుల పని. పేతురు ససేమిరా వద్దన్నాడు. కాసేపట్లో తనను పట్టించబోయే యూదా కూడా అక్కడే ఉన్నాడు.

ఇక నెహెమ్యా గురించి మొదలుపెడితే నేను ఒక పట్టాన ఆపనని మా టీచర్లకు తెలుసు. ఆయన ప్రవక్త కాదు, యాజకుడూ కాదు. పారసీక రాజు అర్తహషస్తకు ద్రాక్షారసపు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయని విని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు, సెలవడిగి బయల్దేరాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. బైబిల్లో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయమంతా గోడ కట్టినవాళ్ల పేర్లే కదా అని చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం అదే ప్రాణం! ప్రధాన యాజకుడి పక్కన కంసాలులు, అత్తరు చేసేవాళ్లు, కూతుళ్లను వెంటబెట్టుకుని షల్లూము. కొందరు తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడే బాగుచేశారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదట. అది కూడా రాసిపెట్టారు! "నా జీవితం గురించి దేవుని ఉద్దేశం ఏమిటి సార్?" అని పదో తరగతి పిల్లలు టెన్షన్‌గా అడుగుతుంటారు. మీ ఇంటి ఎదుట గోడ ఎలా ఉందో ముందు చూడమంటాను.

మన హెడ్ బాయ్ ఆ రోజు బల్ల మీద ఎండిపోయిన బంకను స్కేలు అంచుతో గీకుతూ బెల్లు కొట్టినా లేవలేదు. ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. లెక్కల్లో తప్పి, బడి మానేస్తానన్న ఒక అబ్బాయి పక్కన తొమ్మిదో తరగతి అమ్మాయి రోజూ మధ్యాహ్నం కూర్చునేది. ఏం చెప్పావమ్మా అని అడిగితే, "ఏమీ లేదు సార్, ఊరికే కూర్చున్నాను. తర్వాత అతనే పుస్తకం తీశాడు" అంది. బైబిల్లోనూ ఇలాంటిదే ఒకటుంది. సువార్త ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయాడని అపొస్తలుడైన పౌలు వద్దన్న మార్కు అనే సహచరుణ్ణి, తోటి సేవకుడు బర్నబా వెంటబెట్టుకుని కుప్ర ద్వీపానికి (సైప్రస్) వెళ్లాడు. తర్వాత అదే పౌలు, మార్కు తనకు ఉపయోగపడతాడు, తీసుకురమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడు. ఈ అమ్మాయికి మార్కుల్లో ర్యాంకు లేదు. అయినా అసిస్టెంట్ లీడర్‌ను చేశాం, ఎందుకని అడిగినవారికి ఇదే జవాబు.

మీరంతా పిల్లల మీద ప్రేమతోనే చేస్తున్నారని నాకు తెలుసు. కానీ పొద్దున గేటు దగ్గర బ్యాగు మీ భుజాన ఉంటుంది, మీవాడు చేతులూపుకుంటూ వస్తాడు. ప్రాజెక్టు చార్టుల మీద ముత్యాల్లాంటి చేతిరాత ఎవరిదో మాకు తెలుస్తూనే ఉంటుంది. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే "ఎన్ని మార్కులు? ఫస్ట్ ఎవరు?" అనే ముందు, ఇవాళ ఎవరికైనా తోడున్నావా అని అడిగి చూడండి. పడుకోబోయే ముందు కలిసి ఒక కీర్తన చదివి ప్రార్థించుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఫోన్ పక్క గదిలో ఉన్నా కొంపేమీ మునగదు.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాం, సంతకం చేసి పంపండి. ఐడీ కార్డులు వచ్చాయి. ఫీజు బాకీ ఉన్నవారు ఆఫీసులో కలవండి. ప్రార్థన మొదలయ్యాక గేటు మూసేస్తాం, దయచేసి వాచ్‌మన్‌తో గొడవపడొద్దు.

ప్రభువు సేవలో,
మీ ప్రధానోపాధ్యాయుడు